చిచ్కన్ లోయలో ఆగిన బండి

బిష్కెక్,
అక్టోబరు 14

తెమిర్కాన్ మామయ్యకి,

నీ ఐజిరెక్ సలాములు. ఈ ఉత్తరం అందేసరికి నీ బండిలో కొత్త పెట్టె బిగించేసి ఉంటారు. స్టీరింగు పక్కన నల్లగా, సబ్బుపెట్టెంత ఉంటుంది. దాన్ని పీకకు. నువ్వు స్క్రూడ్రైవరు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నట్టు ఇక్కణ్ణించే కనిపిస్తోంది. మళ్ళీ చెబుతున్నా, పీకకు.

అదేమిటని నువ్వు బండి ఫోనులో అడిగితే తర్వాత చెబుతానని పెట్టేశాను. కోపం తెచ్చుకోకు. మా కంపెనీ కంట్రోలు గదిలోంచి డ్రైవర్లతో మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది. పోయినవారం నువ్వు ఇంజను చప్పుడు మించి "నా గొర్రెపిల్లా, అన్నం తిన్నావా?" అని అరిచావు చూడు, అది మా పెద్దాఫీసరు కూడా విన్నాడు. ఇప్పుడు గదిలో అందరికీ నేను గొర్రెపిల్లనే. పోనీ ఇంటి ఫోనులో మాట్లాడదామంటే నువ్వు "ఊఁ", "సరే", "పెట్టేయ్" తప్ప నోరు విప్పవు. కాబట్టి మనకి ఉత్తరాలే మేలు. ఇల్గిజ్ బండి ఎటూ ఓష్‌కీ బిష్కెక్‌కీ మధ్య తిరుగుతూనే ఉంటుంది కదా, అతని చేతికివ్వు.

ఇక ఆ పెట్టె సంగతి. మందుల అరలో వెచ్చదనం ఎంత ఉంది, బండి ఎక్కడుంది, ఏ కనుమలో మంచు పడబోతోంది, ఏ ఆస్పత్రిలో ఏ మందు అయిపోవస్తోంది, ఇవన్నీ ఉపగ్రహం ద్వారా ఒక్కచోటికి చేరతాయి. వాటిని కంప్యూటరు చూసుకుని, సరుకు ఎటు పోవాలో ఎప్పటికప్పుడు చెబుతుంది. ఇన్నాళ్ళూ మనం బిష్కెక్‌లో ఎక్కించింది ఓష్‌లో దించడమే తప్ప మధ్యలో ఎవరికేం కావాలో మనకేం తెలుసు? నిరుడు చలికాలంలో ఓష్ గోదాములో ఇన్సులిన్ నిండుగా ఉండగానే కరాకుల్‌లో పిల్లలకి దొరకలేదు. ఆ పక్కనించే బండి తోలుకుపోయినవాడివి నువ్వే. ఎంత బాధపడ్డావో నాకు గుర్తుంది. అలా మళ్ళీ జరగకూడదనే నేనీ పనిలో చేరాను.

ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. పాతవి పారేయ్.

నీ మేనకోడలు,
ఐజిరెక్


ఓష్,
నవంబరు 2

నా గొర్రెపిల్లకి,

(ఈ కాగితం ఎవడూ రికార్డు చెయ్యడు కదా.)

మేజోళ్ళు బాగున్నాయి. పాతవి పారెయ్యలేదు, వాటి మీదే తొడుక్కున్నాను. మీ సబ్బుపెట్టెనీ పీకలేదు. ఒకసారి దాని మీద నా టోపీ కప్పాను. వెంటనే "పరికరం వేడెక్కుతోంది" అని గోల. తీసేశాను. డ్రైవర్లందరం కలిసి దానికి పేరు పెట్టాం: అత్తగారు. పొద్దున్నే పెట్రోలు బంకులో మా మాటలు ఇలా ఉంటాయి.

"మీ అత్తగారు ఇవాళ ఎలా ఉంది?"

"బ్రేకు గట్టిగా తొక్కానట, సణుగుతోంది. మరి మీ అత్తగారో?"

"వేగం తగ్గించమంటోంది. తగ్గిస్తే ఆలస్యమవుతోందంటోంది."

"మరి అత్తగారంటే ఏమనుకున్నావు!"

కానీ ఒక సంగతి చెప్పాలి. పోయిన ప్రయాణంలో నేను టోక్టోగుల్ దాటగానే అది "కరాకుల్ ఆస్పత్రిలో ఇన్సులిన్ దించి వెళ్ళండి, ఓష్‌కి వెనక బండిలో వస్తుంది" అంది. కాగితాల్లో అలా లేదని కాసేపు దానితో వాదించాను. జవాబు చెప్పదు కాబట్టి ఓడిపోయి దించాను. అక్కడి నర్సు గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. "ఇవాళ వస్తుందని ఎవరూ చెప్పలేదే!" అంటూ ఆ పెట్టెని పసిబిడ్డలా ఎత్తుకుపోయింది. అప్పుడు అత్తగారికి మనసులోనే ఒక దణ్ణం పెట్టాను. ఈ ముక్క డ్రైవర్లకి చెప్పకు.

చిచ్కన్ లోయలో, అలాబెల్ కనుమ దిగాక, సల్కిన్ అని ఒకావిడ టీకొట్టు నడుపుతోంది. భర్త పోయి చాలాకాలమైంది. ఆవిడ చేసే నూడుల్స్ పులుసు తిన్నాక ఇంకెక్కడా తినబుద్ధి కాదు. పిండి చేత్తో సాగదీస్తుంటే చూస్తూ కూర్చోవచ్చు. ఎవడైనా బూట్లు విప్పకుండా లోపలికొస్తే గరిటె పట్టుకుని వెంటపడుతుంది. నన్నింతవరకూ కొట్టలేదు. వంటింటి గోడకి ఆనుకుని ఆవిడకో షెడ్డుంది. నా బండి అందులో పెట్టుకోనిస్తుంది. అవతల ఎంత చలి ఉన్నా, ఇంజను ఆపినా పెట్టెలు చల్లబడవు. తెలివైన మనిషి. ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే మాత్రం సూటిగా ఉంటుంది.

సరే, ఒక్క మాట అడగాలి. బండి ఆగిందని అత్తగారికి తెలుస్తుంది, ఒప్పుకున్నాను. ఎందుకు ఆగిందో కూడా తెలుస్తుందా?

మీ అమ్మకి నేను బాగున్నానని చెప్పు.

మామయ్య


బిష్కెక్,
నవంబరు 21

మామయ్యకి,

నీ ఉత్తరం చదివి కడుపుబ్బ నవ్వాను. అత్తగారి కబుర్లు మా గదిలో అందరికీ చదివి వినిపించాను. పెద్దాఫీసరు కూడా ఇప్పుడు "అత్తగారు ఏమంటోంది?" అనే అడుగుతున్నాడు.

కానీ చివర్న నువ్వడిగిన ప్రశ్న దగ్గర నవ్వు ఆగిపోయింది. అలా ఎందుకడిగాడా అని నీ రాకపోకలన్నీ తెరమీద తెరిచి చూశాను. నువ్వు ఎక్కడా ఆగే మనిషివి కాదు. చిచ్కన్‌లో మాత్రం పోయేటప్పుడూ ఆగుతున్నావు, వచ్చేటప్పుడూ ఆగుతున్నావు. ఇంజను ఆపేసి చాలా చాలాసేపు. ఎంత మంచి నూడుల్సయినా తినడానికి అంతసేపు పట్టదు మామయ్యా.

నాకు అర్థమైంది. నేనేం చిన్నపిల్లని కాను. ఈ వయసులో గుండె సంగతి ఇలా దాచుకోవడం మంచిది కాదు. నలుగురూ ఏమనుకుంటారో, బండి తీసేసుకుంటారో అని భయపడుతున్నావేమో. నేనెవరికీ చెప్పలేదు, అమ్మక్కూడా. కానీ నువ్వే ఒక నిర్ణయానికి రావాలి. ఆలస్యం చెయ్యకుండా చూపించు. కావాలంటే నేనూ వెంట వస్తాను. జైనెప్ అత్త ఉండి ఉంటే నిన్నేమనేదో ఒక్కసారి ఆలోచించుకో.

కోప్పడకు. నాకు నువ్వు ముఖ్యం, అంతే.

ఐజిరెక్


ఓష్,
డిసెంబరు 7

ఐజిరెక్‌కి,

ఇల్గిజ్ ఈ ఉత్తరం ఇచ్చి వెళ్ళాక తలుపు గడియ పెట్టుకుని చదివాను. చెవులు వేడెక్కాయి. ఇంత వయసొచ్చి మేనకోడలి చేతికి దొరికిపోయాను.

తెలిసిపోయాక ఇక దాచేదేముంది. వసంతంలో మొదలైంది. మొదట నేనూ ఏమీ కాదనుకున్నాను. తర్వాత అలాబెల్ కనుమ ఎక్కుతుంటేనే గుండె దడదడమని కొట్టుకోవడం మొదలైంది. దిగి అక్కడ కాసేపు కూర్చుంటే గాని నెమ్మదించేది కాదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నా ఒక్కోసారి అలాగే అవుతోంది. రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా పట్టదు. ఆకలి కూడా అక్కడ వేసినట్టు ఇంకెక్కడా వెయ్యదు.

చూపించమన్నావు. అప్పుడే చూపించడానికేముంది? ఇంకా నాకే ఏమీ తేలలేదు. తొందరపెడితే మొదటికే మోసం వస్తుంది. మీ అమ్మకి మాత్రం చెప్పకు, బంధువులందర్నీ పోగుచేసుకుని వచ్చేస్తుంది.

జైనెప్ మాట ఎత్తావు. నేను ఆలోచించలేదనుకున్నావా? ప్రతిసారీ ఆ లోయలో బండి దిగేముందు తన గురించే ఆలోచిస్తాను. తను పోయాక నాకు మళ్ళీ ఇలా అవుతుందని అనుకోలేదు. నువ్వు అర్థం చేసుకున్నందుకు సంతోషం. "నేనూ వెంట వస్తాను" అన్న ముక్క నాలుగైదుసార్లు చదువుకున్నాను.

ఎండు ఆప్రికాట్లు పంపుతున్నాను, కొంచెం నీ పెద్దాఫీసరుకి కూడా పెట్టు.

మామయ్య


బిష్కెక్,
డిసెంబరు 23

మామయ్యకి,

నీ ఉత్తరం ఆఫీసు మెట్లమీదే మళ్ళీ మళ్ళీ చదివాను. వసంతం నించీనా? ఇన్ని నెలలు ఎవరికీ చెప్పకుండా ఆ కనుమలు ఎక్కీ దిగీ తిరిగావా? పైగా "తొందరేముంది" అంటావు.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను, తిట్టు. అత్తగారిని కాదు, నన్నే తిట్టు. నీ పేరు కొండదారి జాబితాలోంచి తీయించాను. కొత్త సంవత్సరం నించి నీ బండి ఓష్‌కీ పక్కనే ఉన్న కరాసూకీ మధ్యే తిరుగుతుంది. మందులు కాదు, మాకరోనీ, పంచదార, సబ్బులు. పెద్దాఫీసరు ఎందుకని అడిగితే సొంత కారణాలన్నాను. అంతకుమించి ఎవరికీ చెప్పలేదు.

నువ్వా లోయకి దూరంగా ఉండటమే మంచిది. ఇలాంటివి మొదట్లో చిన్నగానే ఉంటాయి, దానంతటదే సర్దుకుంటుందనుకుంటాం. ఏదో ఒకరోజు అది నిన్ను మా నుంచి లాక్కుపోతుంది. అదలా లాక్కుపోతుంటే నేను తెరమీద చూస్తూ కూర్చోలేను. అమ్మ మాస్కోలో పనికెళ్ళినన్నాళ్ళూ నాకు అమ్మా నాన్నా మీరిద్దరే. అత్త వెళ్ళిపోయింది. ఇక నువ్వొక్కడివే మిగిలావు. నిన్ను దానికి వదిలిపెట్టను.

వసంతం వచ్చాక ఇద్దరం కూర్చుని నిదానంగా మాట్లాడుకుందాం.

ఐజిరెక్


బిష్కెక్, మందుల గోదాము గేటు దగ్గర,
జనవరి 17

ఐజిరెక్ గారికి,

ఈ ఉత్తరం గేటు కాపలావాడి చేతికిచ్చి వెళుతున్నాను. అవును, నీ ఊళ్ళోనే ఉన్నాను. మీ ఇంటికి రాలేదు.

మాకరోనీ మోశాను. పంచదార మోశాను. నోరెత్తలేదు. ఇల్గిజ్ భార్యకి నెలలు నిండాయి, ఈ ప్రయాణానికి మనిషి కావాలన్నారు. నేను పోతానన్నాను. ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. మీ అత్తగారు కూడా ఒప్పుకుంది. నీకంటే అదే నయం.

నన్ను కొండదారి మాన్పించినందుకు కాదు నా కోపం. ఆవిడని "అది" అన్నావు. "దానికి వదిలిపెట్టను" అన్నావు. పెద్దవాళ్ళ గురించి అలా మాట్లాడమని జైనెప్ నీకెప్పుడు నేర్పింది? ఆవిడ నీకేం అపకారం చేసింది? చలిలో వచ్చినవాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఇంత వేడి టీ పోసింది. నేనే ఇంకా ఆవిడతో ఒక్క మాటా చెప్పలేదు. ఆవిడకి తెలియను కూడా తెలియదు. తెలియని మనిషిని దొంగని చేశావు.

ఇల్లు ఖాళీగా ఉంటుందమ్మా. తాళం తీసి లోపలికి వెళ్ళి, ముందు రేడియో పెట్టుకుంటాను, ఎవరో ఒకరు మాట్లాడుతున్నట్టుంటుందని. ఇది నీకు చెప్పాలనుకోలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

సరుకెక్కించడం అయిపోయింది. పిలుస్తున్నారు.

తెమిర్కాన్


బిష్కెక్,
జనవరి 21

మామయ్యా, మామయ్యా,

నువ్వు క్షేమంగా ఉన్నావని తెరమీద తెలుస్తూనే ఉంది. అయినా చేత్తో రాస్తే గాని నా మనసు నిలవదు. అలాబెల్ తెరవగానే పైనించి వచ్చే మొదటి బండిలో ఇది నీకందుతుంది.

ఆరోజు నా వైపు ఏం జరిగిందో చెబుతాను. మధ్యాహ్నం పనిలోకి రాగానే కొండదారిలో నీ బండి గుర్తు కనిపించింది. "ఇతన్నెవరు పంపారు?" అని గదిలో అందరిమీదా అరిచాను. అంతలోనే చిచ్కన్‌లో కొండ మీంచి మంచుచరియ జారిపడిందని వార్త. నీ ముందు దారి మూసుకుపోయింది. వెనక అలాబెల్ మీద మంచుతుఫాను మొదలై అదీ మూసేశారు. ఆ వెంటనే నీ బండి హీటరు ఆగిపోయిందని ఎర్రదీపం. మందుల అరలో వెచ్చదనం పడిపోతోంది. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే మళ్ళీ కరిగినా పనికిరాదు. జలాలాబాద్ ఆస్పత్రిలో అప్పటికే అడుగంటింది.

నాకేమీ తోచలేదు. కంప్యూటరు మాత్రం లెక్క వేస్తూనే ఉంది. మొదట ఓష్ గోదాములో మిగిలినదాన్ని జలాలాబాద్‌కి పంచమంది. టోక్టోగుల్‌లో ఖాళీగా ఉన్న చిన్న వ్యాన్లని మంచు జారిన చోటికి అవతలివైపు నించి రమ్మంది. డ్రోను పంపబోతే గాలికి అది లేవనేలేదు. చివరికి నీ బండికి ఒక చోటు చూపించింది. "ఈ బండి ఇక్కడ ఎన్నోసార్లు ఆగింది. చాలాసేపు ఆగింది. ఇంజను ఆపినా, బయట గడ్డకట్టే చలిలో కూడా మందులు చెడలేదు." దాని పటంలో అక్కడ ఏ ఊరూ లేదు మామయ్యా. అక్కడొక వెచ్చని గోడ ఉందని దానికి ఎవరూ చెప్పలేదు. నువ్వు ఆగినప్పుడల్లా అది గమనించుకుంది. నువ్వు ఆగడం చూసి నేను భయపడ్డాను, అదే చూసి అది దారి చెప్పింది.

నీ గుర్తు మెల్లగా వెనక్కి తిరిగి ఆ చోటికి చేరింది. ఎర్రదీపం ఆరింది. నేను టేబులు మీద తల పెట్టి ఏడ్చాను. అప్పుడు గేటు కాపలా తాత వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు.

"ఆవిడని అది అన్నావు." ఏ ఆవిడని? మళ్ళీ మొదటినించీ చదివాను. సొరుగులోంచి నీ పాత ఉత్తరాలు తీశాను. వసంతం. దడ. నిద్ర పట్టకపోవడం. నూడుల్స్. ఏడుస్తున్నదాన్ని ఒక్కసారిగా పగలబడి నవ్వాను. పెద్దాఫీసరు నాకు మంచినీళ్ళు తెప్పించాడు.

మామయ్యా, నేను నీ గుండెజబ్బు గురించి రాశాను! నిజం గుండె. కొట్టుకునే గుండె. నువ్వలా ఆగుతుంటే ఒంట్లో బాగాలేకే అనుకున్నాను. చూపించమన్నది డాక్టరుకి. "అది" అన్నది జబ్బుని. అత్త కూడా ఛాతీనొప్పి దాచుకునే కదా పోయింది. అందుకే అత్త ఉంటే ఏమనేదని అడిగాను. నువ్వేమో ఒక్కో ఉత్తరంలో లక్షణాలన్నీ వరసగా రాసి పంపావు!

క్షమించు. మాకరోనీ మోయించినందుకు ఇంకా పెద్ద క్షమాపణ. రేడియో సంగతి చదివాక మాత్రం నవ్వు రాలేదు. నాకు తెలిసి ఉండాల్సింది.

ఆ టీకొట్టు ఆవిడ గురించి ఏం రాయాలో ఇంకా తెలియడం లేదు. కోపం లేదు. కానీ ఏదో అడ్డుపడుతోంది. నాకు కొంచెం సమయమివ్వు.

నీ గొర్రెపిల్ల


చిచ్కన్,
జనవరి 25

నా గొర్రెపిల్లకి,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. చదువుతూ నేలమీద కూర్చుండిపోతే సల్కిన్ గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చింది, "ఎవరు పోయారు?" అంటూ. ఎవరూ పోలేదు, నాకు జబ్బు లేదట అన్నాను. నా మొహం ఒకసారి చూసి, "ఆ సంగతి నేనూ చెప్పగలను" అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇటువైపు జరిగింది విను. మంచు జారినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. ముందు బండి వెనకదీపాలు కనిపిస్తున్నాయి, ఒక్క క్షణంలో అంతా తెల్లగా అయిపోయింది. దిగి పరిగెత్తాం. ఆ డ్రైవరు అద్దం దించుకుని బయటికి పాకి వచ్చాడు. గడ్డం నిండా మంచు. "నా టోపీ లోపలుండిపోయింది" అన్నాడు. బతికున్నాడని అందరం నవ్వాం. తిరిగొచ్చి చూస్తే నా హీటరు చచ్చిపోయి ఉంది. అత్తగారు కేకలు పెడుతోంది. నీ మాట గుర్తొచ్చి సల్కిన్ కొట్టు దగ్గర ఆగకుండా దాటొచ్చాను, ఇప్పుడు అక్కడికే వెనక్కి తిరగమంది, తిరిగాను.

సల్కిన్ అప్పటికే పారతో షెడ్డు తలుపు ముందు మంచు తోస్తోంది. నన్ను చూసి పని ఆపలేదు.

"కొత్త సంవత్సరం నించి ఎవరి నూడుల్స్ తింటున్నావు?" అంది.

"మాకరోనీ మోశాను."

"ఎవరు మోయమన్నారు?"

"నా మేనకోడలు."

"అయితే ఏదో కారణం ఉండే ఉంటుంది. బండి లోపలికి తీసుకురా."

దారిలో చిక్కుకున్న డ్రైవర్లందరూ అక్కడే చేరారు. సరిగ్గా అందరి మధ్యా మీ అత్తగారు గొంతెత్తి చదివింది: "ఈ బండి ఇక్కడ ఎన్నోసార్లు ఆగింది. చాలాసేపు ఆగింది." అందరూ షెడ్డు కప్పు లేచిపోయేలా నవ్వారు. "అందుకేనా తెమిర్కాన్ అన్న బూట్లు అంత బుద్ధిగా విప్పుతాడు!" అన్నాడొకడు. నేను మందుల పెట్టెల వెనక్కి వెళ్ళి చాలాసేపు అక్కడే సర్దుతూ ఉండిపోయాను.

హీటరు లేక, రాత్రి చలికి షెడ్డు సరిపోలేదు. పెట్టెలు, అత్తగారితో సహా, వంటింట్లోకి మోశాం. అక్కడేమో వేడి ఎక్కువైందని అత్తగారు గోల. సల్కిన్ దానివైపు వేలు చూపించి, "నోరుమూసుకో, తలుపు తీస్తున్నాగా!" అంది. చివరికి వంటింటికీ వసారాకీ మధ్య పిండిబస్తాలు పెట్టుకునే చిన్నగది కుదిరింది. తలుపు కాస్త తెరవడం, కాస్త మూయడం. ఇద్దరం అక్కడే కూర్చుని ఆ పని వంతులవారీగా చేశాం. దారి చేసేవాళ్ళు మంచు మీదుగా కాలిబాట తొలిచాక, ఆవిడ గుర్రానికి చక్రాల్లేని స్లెడ్జి బండి కట్టి పెట్టెలు దాటించాం. అవతల టోక్టోగుల్ వ్యాన్లు నిలబడి ఉన్నాయి. ఒక్క సీసా కూడా గడ్డకట్టలేదు. అది నీకీపాటికి తెరమీద తెలిసే ఉంటుంది, కానీ నా చేత్తో రాయాలనిపించింది.

పిండిబస్తాల గదిలో కూర్చున్నప్పుడు అడిగింది, "చాలాసేపు ఆగింది అని అదెందుకంది?" అని. ఇక నాకు దారి లేదు. వెనకా మూసే ఉంది, ముందూ మూసే ఉంది. చెప్పేశాను. జైనెప్ గురించీ చెప్పాను, రేడియో గురించీ చెప్పాను. ఆవిడ లేచి తలుపు కాస్త మూసి, వచ్చి మళ్ళీ కూర్చుంది.

"నీ మేనకోడలు ఏమంటోంది?" అంది.

"తనకి కోపం," అన్నాను. అప్పటికి నీ ఉత్తరం నాకు రాలేదు.

"నువ్వు పెంచిన పిల్ల. ఆ పిల్ల మొహం తిప్పుకుంటే నేనా ఇంట్లో టీ కాచలేను. ముందు తనతో మాట్లాడుకో."

అంతే. అవుననలేదు, కాదనలేదు. ఆవిడ అన్నమాట ఉన్నదున్నట్టు రాశాను. నిన్ను తొందరపెట్టను. నీకు కుదరదంటే నూడుల్స్ తిని వచ్చేస్తాను, అంతకుమించి ఆగను. నీమీద ఒట్టు.

డాక్టరుకి మాత్రం చూపించుకుంటాను. ఇది జైనెప్ కోసం.

మామయ్య


బిష్కెక్,
ఫిబ్రవరి 8

మామయ్యకి,

ఓష్ డాక్టరు కాగితం అందింది. గుండె బాగుందట. ఉప్పు తగ్గించమన్నాడట. తగ్గించు. నీ పేరు మళ్ళీ కొండదారి జాబితాలో పెట్టించాను.

నాకు ఏం అడ్డుపడుతోందో కనిపెట్టాను. అత్త చేత్తో కుట్టుపని చేసిన గోడతెర మీ ఇంట్లో ఇంకా వేలాడుతోంది కదా. ఎవరో వచ్చి అది తీసేస్తారని నా భయం. పోయిన ఆదివారం అమ్మకి అన్నీ చెప్పాను. అమ్మ ముందు నెత్తి కొట్టుకుంది, "గుండెజబ్బని ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా, నాకు చెప్పకుండా!" అని. తర్వాత నా తెర సంగతి విని ఒక మాటంది: "జైనెప్ వదిన ఎప్పుడైనా ఆ ఇంట్లో ఒంటరిగా ఎవరినైనా కూర్చోనిచ్చిందా? పొరుగింటి ముసలాయన్ని కూడా పిలిచి అన్నం పెట్టేది. అన్నయ్య రేడియోతో మాట్లాడుతున్నాడని తెలిస్తే మనిద్దర్నీ చెవి పట్టుకుని అడిగేది." నేను చాలాసేపు ఏడ్చాను. ఈసారి ఏడుపు తర్వాత తేలికగా ఉంది.

కాబట్టి వచ్చే శనివారం అమ్మా నేనూ ఇల్గిజ్ బండిలో చిచ్కన్ వస్తున్నాం. నీ తరఫున అడగడానికి. సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు పెట్టడానికి అమ్మ వెండి చెవిదుద్దులు కొంది. కొత్త కోడలికి అవి పెట్టే చెయ్యి నాదే అవ్వాలని నేను పట్టుబట్టాను. ఆవిడకి ముందే చెప్పకు. చెప్పకుండా ఉండలేవని తెలుసు, కనీసం శుక్రవారం దాకా ఆగు.

ఇంకో సంగతి. ఆ పిండిబస్తాల గదిని చలికాలానికి మందులు దాచే చోటుగా వాడుకోవచ్చా అని కంపెనీ ఆవిణ్ణి అడగాలనుకుంటోంది. అడిగేది వేరే మనిషి, నేను కాదు. నేను వచ్చేది ఒక్క పనిమీదే.

ఐజిరెక్


చిచ్కన్,
ఫిబ్రవరి 19

మా ఐజిరెక్‌కి,

మీరు వెళ్ళాక ఇల్లంతా ఒక్కసారిగా చప్పుడాగిపోయినట్టయింది. మీ అమ్మ తన దుప్పటి మర్చిపోయింది, ఇల్గిజ్‌తో పంపుతున్నాను. ఇల్గిజ్ కూతురికి ఇంకా పేరు కుదరలేదట, మీ గదిలో ఎవరికైనా మంచి పేరు తోస్తే చెప్పమన్నాడు.

శుక్రవారం దాకా ఆగలేదని నువ్వు కనిపెట్టేశావు కదా. బుధవారమే చెప్పేశాను. అందుకే నూడుల్స్ అన్ని రకాలున్నాయి.

నువ్వు చెవిదుద్దులు పెడుతున్నప్పుడు సల్కిన్ పిండి అంటిన చేతుల్ని వెనక దాచుకోవడం నేను చూశాను. అంత మంచులో పార పట్టుకున్న చేతులు అవి. ఆ తర్వాత ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేనడగను. బయటికొచ్చేసరికి ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, ఇద్దరూ ఉల్లిపాయలన్నారు. ఆరోజు వంటలో ఉల్లిపాయలు లేవు. తర్వాత సల్కినే నాకు చెప్పింది, ఓష్ ఇంట్లో తెర ఉన్నచోటే ఉంటుందని, దాని అంచు కాస్త చిరిగిందని నువ్వు చెప్పావని, కుట్టడానికి ఆ రంగు దారం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని.

చలికాలాలు ఇక్కడ, వేసవి ఓష్‌లో. అలా అనుకున్నాం. బండి వదలను. కంపెనీవాళ్ళు గది చూసి వెళ్ళారు. అత్తగారి మాదిరి పెట్టె ఒకటి ఇక్కడ గోడకి కూడా బిగిస్తారట. సల్కిన్ దానికి ముందే షరతు పెట్టింది, భోజనాల వేళ మాట్లాడకూడదని.

ఇంత రాసి సంతకం పెట్టబోతుంటే సల్కిన్ వచ్చి పక్కన కూర్చుంది. నా కాగితం వైపు చూసింది. తర్వాత అడిగింది.

"బండి ఎక్కేముందు ఆ పిల్ల నన్నేమని పిలిచిందో విన్నావా?"

"లేదే. నేను టైర్లకి గొలుసులు కడుతున్నాను. ఏమని పిలిచింది?"

"'వెళ్ళొస్తా అత్తా' అంది."

"ఇంకేం మరి!"

"గాలి హోరులో సరిగ్గా వినపడలేదు. అలా అందో, నాకే అలా అనిపించిందో." కాసేపు చెవిదుద్దు వేళ్ళతో తిప్పుకుంటూ కూర్చుంది. "ఇంకోసారి అనమని రాయి."

అందుకని రాస్తున్నాను.

మామయ్య